1992 రష్యా: దెబ్బ తగిలింది ధరలు వదిలేసినప్పుడా, ఆస్తులు పంచినప్పుడా?

రాజమండ్రి మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. సోషలిస్టు వ్యవస్థ నుంచి మార్కెట్ వ్యవస్థకు మారడం అనే పాఠం దగ్గరికి వచ్చేసరికి మన పాఠ్యపుస్తకాలు 'షాక్ థెరపీ' అని ఒక పేరు పెట్టి, రష్యాలో అది విఫలమైందనీ, చైనా నెమ్మదిగా నడిచి నెగ్గిందనీ రెండు వాక్యాల్లో తేల్చేస్తాయి. నిజానికి ఆ పేరు కింద మూడు వేర్వేరు పనులున్నాయి. ప్రభుత్వం నిర్ణయించే ధరలను ఎత్తివేయడం మొదటిది. 1992 జనవరి 2న రష్యా ఉపప్రధాని యెగోర్ గైదార్ బృందం చేసినది ఇదే. నోట్ల ముద్రణనూ రుణాలనూ అదుపు చేసి ద్రవ్యోల్బణాన్ని ఆపడం రెండవది. ప్రభుత్వ ఫ్యాక్టరీలను ప్రైవేటు పరం చేయడం మూడవది. అనతోలీ చుబైస్ ఆధ్వర్యంలో ఇది 1992 అక్టోబరులో, వాటాలకు మార్చుకోగల వోచర్లను జనానికి పంచడంతో మొదలై, 1995లో వాటాలను బ్యాంకులకు తాకట్టు పెట్టే దాకా వెళ్లింది.

1992 ఒక్క సంవత్సరంలోనే అక్కడ ధరలు సుమారు 2,500 శాతం పెరిగాయి. దశాబ్దం ముగిసేసరికి ఉత్పత్తి దాదాపు నలభై శాతం పడిపోయింది. ఇంత నష్టానికి ఈ మూడింటిలో దేనిని బాధ్యురాలిని చేయాలి? ఆ కాలంలో అక్కడున్నవారు, లేదా తూర్పు యూరప్‌ను దగ్గరగా చూసినవారు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి. సోషలిజం మంచిదా, పెట్టుబడిదారీ విధానం మంచిదా అన్న వాదన ఇక్కడ వద్దని మనవి.

నేవా డాక్టరు

మాస్టారూ, నేను లెనిన్‌గ్రాద్‌లో వైద్యవిద్యలో చేరి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పట్టా తీసుకున్నవాడిని. ఊరు మారలేదు, నా చదువు మధ్యలో 1991 సెప్టెంబరులో దాని పేరు మారింది. అందువల్ల మీరడిగిన మొదటి పనిని కళ్లతో చూశాను.

1991 చివరి నెలల్లో దుకాణాలకు వెళితే అరల మీద ఏమీ ఉండేది కాదు. ధర మాత్రం బోర్డు మీద పాతదే ఉండేది, ఆ ధరకు సరుకు ఉండేది కాదు. ఉన్నదంతా వెనక తలుపు నుంచి పోయేది. జనవరిలో ధరలు వదిలేసిన తరువాత కొద్ది వారాల్లోనే వెన్న, చీజు, సాసేజి మళ్లీ కనిపించాయి, కాని కొనే శక్తి చాలామందికి లేదు. ఆ ఒక్క నెలలోనే ధరలు మూడున్నర రెట్లయ్యాయి. జనవరి 29న ఎవరైనా ఎక్కడైనా అమ్ముకోవచ్చని ఇంకొక ఉత్తర్వు వచ్చింది. అప్పటి నుంచి సెన్నాయా చౌరస్తాలోనూ మెట్రో ద్వారాల దగ్గరా రెండు వరుసలుగా జనం నిలబడేవారు. మనం వాళ్ల మధ్య నుంచి నడిచి పోవాలి. ఒకావిడ చేతిలో ఒక జత పిల్లల బూట్లు, పక్కన ఇంకొకావిడ దగ్గర ఇంట్లోని టీ కెటిల్, ఆ పక్కన ఒక పెద్దమనిషి కోటు గుండీల మధ్య నుంచి తొంగిచూస్తున్న వోడ్కా సీసా. బేరం పెద్దగా జరిగేది కాదు, ఎవరూ గట్టిగా పిలిచేవారూ కాదు. వాళ్లలో ఎక్కువమంది వ్యాపారులు కారనీ, ఇంట్లో వస్తువు తెచ్చి అమ్ముకుంటున్నారనీ చూడగానే తెలిసిపోయేది.

మా హాస్టలు చూసుకునే పెద్దావిడ తన అంత్యక్రియల ఖర్చు కోసం జీవితమంతా పొదుపు బ్యాంకులో డబ్బు దాచుకున్నారు. ఆ దేశంలో ముసలివాళ్లకు అది పరువుతో కూడిన విషయం, పిల్లల మీద భారం వేయకూడదని. ఏడాది తిరిగేసరికి ఆ పాస్‌బుక్‌లోని మొత్తం నాలుగు రోజుల తిండికి కూడా చాలకుండా పోయింది. నా వంటి విదేశీ విద్యార్థి జేబులో ఉన్న కొద్ది డాలర్లు అదే కాలంలో నన్ను ఆవిడకంటే ధనవంతుణ్ణి చేశాయి. కాబట్టి ధరలు వదిలేయడం ఒకే దెబ్బతో రెండు పనులు చేసిందని నా లెక్క: దుకాణం నింపింది, పొదుపు తుడిచేసింది.

రిటైర్డ్ మేనేజరు

డాక్టరుగారు చెప్పిన దృశ్యం నిజమే కాని, బ్యాంకులో పనిచేసినవాడిగా ఒక మాట చేర్చాలి. ఆ పాస్‌బుక్‌లోని డబ్బు 1992లో చచ్చిపోలేదు, అంతకుముందే ప్రాణం పోయింది. 1986లో చమురు ధర సగానికి పైగా పడిపోయిన తరువాత సోవియట్ ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోకుండా లోటును నోట్లతో పూడ్చింది. జీతాలు పెరిగాయి, సరుకు పెరగలేదు. కొనడానికి ఏమీ లేనప్పుడు జనం డబ్బును బ్యాంకులో వేయక ఏం చేస్తారు? అది వాళ్లు కోరి చేసిన పొదుపు కాదు, కొరత వల్ల మిగిలిపోయిన డబ్బు.

ఆ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. 1991 జనవరిలో, అంటే గైదార్ రావడానికి చాలా ముందే, ప్రధాని పావ్లోవ్ 50, 100 రూబుళ్ల నోట్లను రద్దుచేసి, మార్చుకోవడానికి మూడు రోజులు గడువిచ్చారు. 2016 నవంబరును చూసిన మనకు ఆ వరుసలు ఎలా ఉండి ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. ఏప్రిల్‌లో ప్రభుత్వమే ధరలను భారీగా పెంచింది. అయినా అరలు నిండలేదు, ఎందుకంటే పెంచిన ధర కూడా ప్రభుత్వం వేసిన ధరే. 1992 జనవరికి గైదార్ ముందున్నవి రెండే దారులు: ధరలు వదలడం, లేదా ఆహారం కోసం పల్లెల మీదికి బలగాలను పంపడం. రెండవది ఆ దేశం ఒకసారి చేసి చూసింది.

నేవా డాక్టరు

మేనేజరుగారూ, డబ్బుకు ముందే ప్రాణం పోయిందన్న వాదన లెక్కల్లో సరిపోవచ్చు, కాని ఆ ప్రభుత్వమే తరువాత దాన్ని ఒప్పుకోలేదు. 1995 మే నెలలో రష్యా పార్లమెంటు చేసిన చట్టం 1991 జూన్ నాటికి పొదుపు బ్యాంకులో ఉన్న డిపాజిట్లను ప్రభుత్వ అప్పుగా గుర్తించింది. ఆ తరువాత బాగా వయసు మీరినవారితో మొదలుపెట్టి కొద్ది కొద్దిగా పరిహారం ఇచ్చారు. లేని డబ్బుకు ఎవరూ పరిహారం ఇవ్వరు.

పైగా ఇంకొక దారి కాగితం మీద ఉండేది. వోచర్ల కంటే ముందు, 1991 జూలైలో, ప్రతి పౌరుడి పేరున ఒక ప్రైవేటీకరణ ఖాతా తెరిచి, ప్రభుత్వ ఆస్తిలో అతని భాగాన్ని అందులో జమచేయాలని చట్టం చేశారు. ఆ ఖాతాను తెచ్చి, పోయిన పొదుపుకు ప్రతిగా ఫ్యాక్టరీల్లో వాటా ఇచ్చి ఉంటే జనం తమ సొమ్ము రూపం మారిందనుకునేవారు. చుబైస్ దాన్ని పక్కనపెట్టి, ఎవరి పేరూ లేని, ఎవరికైనా అమ్ముకోగల కాగితాన్ని ఎంచుకున్నారు. అందరి పేరునా ఖాతాలు తెరిచి నడపడానికి వ్యవధి లేదన్నది వాళ్లు చెప్పిన కారణం. నాకు అది పూర్తిగా కొట్టిపారేయదగ్గ కారణంగా తోచదు, కాని ఆకలితో ఉన్న మనిషి చేతిలో అమ్ముకోగల కాగితం పెడితే ఏమవుతుందో ఊహించడానికి అర్థశాస్త్రం చదవనక్కరలేదు.

క్రాకోవ్ ట్రామ్

నేను క్రాకోవ్‌లో స్థిరపడి చాలా కాలమైంది. పోలండ్ అనుభవంతో పోల్చి చూస్తే తప్ప మాస్టారి ప్రశ్నకు జవాబు దొరకదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ కూడా ధరలను ఒక్క రోజులోనే వదిలేశారు. 1990 జనవరి 1న ఆర్థికమంత్రి లెషెక్ బాల్సెరోవిచ్ ప్రణాళిక అమలులోకి వచ్చింది. ఆ జనవరిలో ధరలు దాదాపు 80 శాతం పెరిగాయి. ఫిబ్రవరిలో 24 శాతం. మార్చిలో నాలుగు శాతం చిల్లర. అంటే మందు ఒకటే, మూడో నెలకే జ్వరం దిగింది. రష్యాలో అది నాలుగేళ్లు పట్టింది.

తేడా ఎక్కడుంది? పోలండ్ కరెన్సీ జ్లోతీని డాలరుకు 9,500 దగ్గర కట్టేశారు, దాని వెనక వంద కోట్ల డాలర్ల నిధి ఉంచారు. ప్రభుత్వ సంస్థ ఏదైనా పరిమితికి మించి జీతాలు పెంచితే ఆ పెంపు మీద దండనలాంటి పన్ను వేశారు. దాన్ని కార్మికులు బండబూతులు తిట్టారు, కాని ఆ ప్రభుత్వం కార్మిక సంఘంగా మొదలైన సాలిడారిటీ ఉద్యమం నుంచి వచ్చింది కాబట్టి కొంతకాలం ఓర్చుకున్నారు. 1991లో పశ్చిమ దేశాల ప్రభుత్వాలు పోలండ్ అప్పును సగానికి తగ్గించడానికి ఒప్పుకున్నాయి. అంతకుముందు నుంచే వ్యవసాయ భూమిలో మూడు వంతులు రైతుల చేతిలోనే ఉండిపోయింది, ఇక్కడ రైతుల పొలాలను ఉమ్మడి క్షేత్రాల్లో కలిపేసే సామూహికీకరణ ఎన్నడూ పూర్తికాలేదు. ఇంకొక విశేషం, చిన్న వ్యాపారాలకు తలుపులు తెరిచిన చట్టం 1989 జనవరిలోనే, అంటే కమ్యూనిస్టు ప్రభుత్వపు చివరి నెలల్లోనే అమలులోకి వచ్చింది.

ఇక మాస్టారి మూడవ పని విషయానికి వస్తే, పోలండ్ ఇక్కడ ఏమాత్రం తొందరపడలేదు. నేను ఉండే ఊళ్లోనే నోవా హుతా ఉంది. లెనిన్ పేరుతో కట్టిన మహా ఉక్కు కర్మాగారం, దాని కోసమే కట్టిన పట్టణం. 1990లో లెనిన్ పేరు తీసేశారు, కాని ఫ్యాక్టరీని అమ్మలేదు. అది ప్రభుత్వ సంస్థగానే మనుషులను తగ్గించుకుంటూ, పాత కొలిములు మూసుకుంటూ దాదాపు పదిహేనేళ్లు నడిచి, ఇతర ఉక్కు కర్మాగారాలతో కలిపిన తరువాత మిత్తల్ కుటుంబపు సంస్థ చేతికి వెళ్లింది. ఇప్పటికీ ట్రామ్ ఎక్కి 'కొంబినాట్' అనే స్టాపులో దిగితే, రాజభవనాల్లా కట్టిన రెండు కార్యాలయ భవనాలు గేటుకు అటూ ఇటూ నిలబడి ఉంటాయి. ఒకప్పుడు షిఫ్టు మారేవేళ వేలమంది దిగిన ఆ స్టాపులో నేను దిగిన రోజుల్లో మహా అయితే ఐదారుగురు దిగుతారు. దేశవ్యాప్తంగా ఎంపిక చేసిన 512 సంస్థల వాటాలను నిధుల ద్వారా జనానికి పంచే పథకం కూడా 1995లో గాని మొదలుకాలేదు.

కాబట్టి నా జవాబు: ధరలు వేగంగా వదలడం తప్పుకాదు, పెద్ద ఆస్తులను వేగంగా పంచడం తప్పు.

పాత పాఠకుడు

మాస్కో నుంచి వచ్చే తెలుగు పుస్తకాలను విశాలాంధ్రలో కొనుక్కుని పెరిగిన తరం నాది. ఆ అచ్చు ఆగిపోయిన సంవత్సరాల్లో అక్కడ మనుషులకేమైందో కూడా ఈ లెక్కల్లో ఉండాలి. 1990లో రష్యాలో పురుషుల సగటు ఆయుర్దాయం సుమారు 64 ఏళ్లు. 1994కు 58 లోపుకు పడిపోయింది. యుద్ధం లేదు, కరువు లేదు. నాలుగేళ్లలో ఆరేళ్ల ఆయుష్షు పోయింది.

పోలండ్ విజయగాథ గురించి కూడా ఒక మాట. అక్కడ 1993లో నిరుద్యోగం 16 శాతం దాటింది. అదే ఏడాది సెప్టెంబరు ఎన్నికల్లో ప్రజలు పాత కమ్యూనిస్టుల వారసులనే గెలిపించారు. అంతా బాగుంటే అలా ఎందుకు చేస్తారు?

రష్యా విషయంలో మాత్రం తొందరకు కారణం ఆర్థికం కాదు. వెనక్కి తిరగడానికి వీల్లేని స్థితి తేవడమే తమకు ముఖ్యమని, ఎవరి చేతికి పోయినా సరే ప్రభుత్వం చేతిలోంచి పోవాలని చుబైస్ తరువాతి కాలంలో దాపరికం లేకుండానే చెప్పారు. రాజకీయ లక్ష్యం కోసం దేశపు గనులను, చమురు బావులను పప్పుబెల్లాల్లా పంచిపెట్టి, దానికి మార్కెట్ అని పేరు పెట్టారు.

క్రాకోవ్ ట్రామ్

పాత పాఠకుడుగారూ, నిరుద్యోగం గురించి మీరన్నది నిజం, ఇంకా ఘోరమైన చోట్లున్నాయి. ఉత్తర, పశ్చిమ ప్రాంతాల్లోని ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలను 1991 చట్టంతో రద్దుచేసినప్పుడు, పొలాల నడుమ కట్టిన నాలుగంతస్తుల ఇళ్లలో కార్మిక కుటుంబాలు అలాగే ఉండిపోయాయి. ఆ ఊళ్లలో ఇంకో యజమాని లేడు, చాలాచోట్ల బస్సు కూడా ఆగిపోయింది. అయితే ఒకటి గమనించండి, 1993లో గెలిచిన ఆ పాత కమ్యూనిస్టులు కూడా ధరల నియంత్రణను తిరిగి తేలేదు.

ఆడిట్ లక్ష్మి

వోచర్ల పంపకం ఎలా జరిగిందో లెక్కల మనిషిగా కొంచెం విడమరిచి చెబుతాను, ఎందుకంటే 'పప్పుబెల్లాలు' ఎవరికి దక్కాయన్నది అందులోనే తెలుస్తుంది.

1992 అక్టోబరు నుంచి పసిపిల్లలతో సహా ప్రతి పౌరుడికీ 25 రూబుళ్ల రుసుముతో ఒక వోచర్ ఇచ్చారు. ముఖవిలువ 10,000 రూబుళ్లు, మొత్తం సుమారు 14.8 కోట్ల వోచర్లు. ఇది ముందు ముందు రెండు వోల్గా కార్ల విలువ చేస్తుందని చుబైస్ ప్రకటించారు. ఆ ఏడాది చివర డాలరుకు సుమారు 415 రూబుళ్లు. అంటే ఒక్కొక్క వోచర్ ముఖవిలువ 24 డాలర్లు, అన్నీ కలిపితే 350 కోట్ల డాలర్ల చిల్లర. బజారులో అయితే ఒక దశలో ముఖవిలువలో సగం కూడా పలకలేదు. చమురు, గ్యాసు, నికెలు, అల్యూమినియం ఉన్న దేశంలో అమ్మకానికి పెట్టిన ఆస్తికి అలా లెక్క కట్టారు.

ఇంతకంటే ముఖ్యమైనది, ఫ్యాక్టరీ సిబ్బందికి ఇచ్చిన ఎంపిక. మూడు పద్ధతుల్లో ఏదైనా ఎంచుకోవచ్చన్నారు. నాలుగింట మూడు వంతుల సంస్థలు రెండవ పద్ధతినే ఎంచుకున్నాయి. దాని ప్రకారం సిబ్బంది, నిర్వాహకులు కలిసి 51 శాతం వాటాను పుస్తక విలువకు 1.7 రెట్ల ధరకు కొనవచ్చు. ఆ పుస్తక విలువ ఎప్పటిది? 1992 జనవరికి ముందు నాటి ధరల్లో రాసుకున్నది. ఏడాదిలో అన్నిటి ధరలూ ఇరవై అయిదు రెట్లు పైబడి పెరిగితే, యంత్రాలు, భవనాలు మాత్రం పాత ధరకే చేతులు మారాయి. ఏ ఆడిటరైనా ఆస్తుల పునర్మూల్యాంకనం చేయకుండా ఇలాంటి అమ్మకాన్ని ఒప్పుకోడు. ధరలు వదిలేయడమూ ఆస్తుల పంపకమూ వేర్వేరు పనులని మాస్టారు అన్నారు; ఇక్కడ ధరలు వదిలేయడమే ఆస్తుల పంపకాన్ని కారుచౌక చేసింది.

పాత పాఠకుడుగారికి ఒక సవరణ: ఈ దశలో వాటాలు ఎక్కువగా పోయింది మాస్కో కుబేరులకు కాదు, పాత సోవియట్ డైరెక్టర్లకు. అధికారం ముందునుంచీ వాళ్ల చేతిలోనే ఉంది, ఇప్పుడు దానికి పట్టా దొరికింది. కుబేరుల కథ 1995 నవంబరు, డిసెంబరు నెలలది. బడ్జెట్‌కు డబ్బులేక ప్రభుత్వం పన్నెండు సంస్థల వాటాలను తాకట్టు పెట్టి బ్యాంకుల దగ్గర అప్పు తీసుకుంది. నికెల్ సంస్థ నోరిల్స్క్ నికెల్‌లో 38 శాతానికి 17.01 కోట్ల డాలర్లు, చమురు సంస్థ యూకోస్‌లో 45 శాతానికి 15.9 కోట్ల డాలర్లు. వేలం నడిపిన బ్యాంకూ గెలిచిన వర్గమూ ఒకటే. నికెల్ వేలంలో అంతకు రెట్టింపు పైగా పాడిన మరో బ్యాంకును సాంకేతిక కారణం చూపి తప్పించారు. ప్రభుత్వం అప్పు తీర్చలేదు, తీర్చే ఉద్దేశం ఉన్నట్టూ కనిపించలేదు. వాటాలు తాకట్టు పట్టినవారికే మిగిలాయి. దీన్ని ప్రైవేటీకరణ అనడానికి నాకు మనసొప్పదు.

విశాఖ గాజువాక

సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారం పక్కనే ఉండేవాణ్ణి. 2021లో మా ఫ్యాక్టరీని నూరు శాతం అమ్ముతామన్నప్పటి నుంచి మేము అడుగుతున్నదీ ఇదే, భూమికి ఏ సంవత్సరపు విలువ కడతారని. ఇక్కడా అదే జరగదా?

మోడరేటర్

విశాఖ ఉక్కుపై ప్రత్యేక చర్చ నడుస్తోంది, దయచేసి మీ ప్రశ్నను అక్కడ పెట్టండి. ఆస్తుల విలువ కట్టడం గురించిన లక్ష్మిగారి వివరణను అక్కడికి కూడా జతచేశాను.

ఓరుగల్లు విద్యార్థి

పోటీ పరీక్షల కోసం చదువుతున్నాను. చైనా మాదిరిగా నెమ్మదిగా చేసి ఉంటే రష్యాకు ఈ కష్టాలు తప్పేవని మా పుస్తకాల్లో ఉంది. పెద్దలు దయచేసి దీని మీద కూడా చెప్పగలరా?

రాజమండ్రి మాస్టారు

మంచి ప్రశ్న, బాబూ. చైనాలో 1980లలో ఒకే వస్తువుకు రెండు ధరలుండేవి. ఫ్యాక్టరీ తన ప్రణాళిక కోటాను ప్రభుత్వ ధరకు అప్పగించాలి, ఆ పైన చేసినది బజారు ధరకు అమ్ముకోవచ్చు. కోటాను పెంచకుండా ఉంచడంతో కాలక్రమంలో బజారు భాగమే పెద్దదై, ప్రణాళిక దానంతట అదే చిన్నదైపోయింది. ప్రభుత్వ ధరకు సరుకు తీసి బజారు ధరకు అమ్ముకున్న అధికారులు ఇందులో బాగా వెనకేసుకున్నారన్నది కూడా మర్చిపోకూడదు. 1988లో ధరలన్నీ వదిలేస్తారన్న వార్తకే జనం దుకాణాల మీద పడ్డారు.

కాని అది రష్యాకు పనికొచ్చేదా? 1978లో చైనా శ్రామికుల్లో 70 శాతం వ్యవసాయంలో ఉన్నారు. కమ్యూను పొలాన్ని కుటుంబాలకు అప్పగించగానే దిగుబడి పెరిగింది, మిగిలిన చేతులు గ్రామీణ పరిశ్రమల్లోకి వెళ్లాయి. రష్యాలో వ్యవసాయం మీద ఉన్నది ఏడింట ఒక వంతు మంది. మిగతావారంతా అప్పటికే ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో, కార్యాలయాల్లో ఉన్నారు. వదిలేయడానికి అక్కడ ఖాళీ చేతులు లేవు. పైగా రెండు ధరల పద్ధతి నడవాలంటే కోటా వసూలు చేయగల ప్రభుత్వం ఉండాలి. 1991 ఆగస్టులో తిరుగుబాటు యత్నం విఫలమైన తరువాత మాస్కో మాట పక్క జిల్లా వినే పరిస్థితి లేదు.

ఇంకొక దేశం మీ పుస్తకంలో ఉండదు గాని ఉండవలసినది: వియత్నాం. అక్కడ 1989లో ధరలను ఇంచుమించు ఒక్కసారిగానే వదిలారు. అంటే అదీ షాకే. కాని 1988లోనే భూమిని రైతు కుటుంబాల చేతికి ఇచ్చారు కాబట్టి, ధర పెరగగానే ఆ పెంపు రైతుకు చేరింది. అంతకుముందు బియ్యం దిగుమతి చేసుకున్న దేశం 1989లో సుమారు 14 లక్షల టన్నులు ఎగుమతి చేసింది. కాబట్టి నెమ్మదా, వేగమా అన్నది అసలు గీత కాదని నాకు అనిపిస్తోంది. ధర పెరిగిన రోజున సరుకు ఎవరి చేతిలో ఉందన్నదే గీత.

రిటైర్డ్ మేనేజరు

మాస్టారి గీతతో నాకు పేచీ లేదు, కాని మీరందరూ రెండవ పనిని, అంటే డబ్బును, మరిచిపోయి మొదటిదానికీ మూడవదానికీ మధ్య తిరుగుతున్నారు. రష్యాలో ధరలు వదిలారు, నోట్లను మాత్రం కట్టడి చేయలేకపోయారు. 1992 వేసవికి ఫ్యాక్టరీలు ఒకదానికొకటి బాకీపడి కూర్చున్నాయి. జూలైలో కేంద్ర బ్యాంకు పగ్గాలు విక్తర్ గెరాష్చెంకో చేతికి వచ్చాయి. ఆ బ్యాంకు జవాబుదారీ గైదార్ ప్రభుత్వానికి కాదు, ఆయన్ను వ్యతిరేకించే పార్లమెంటుకు. ఫ్యాక్టరీలు మూతపడకూడదని ఆయన రుణాలు కుమ్మరించారు. దీనికి తోడు సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన మిగతా రిపబ్లిక్కులు కూడా రూబుల్‌నే వాడుతూ, తమ కేంద్ర బ్యాంకుల ద్వారా రూబుల్ రుణాలు పుట్టిస్తూనే ఉన్నాయి. ఒక ఉమ్మడి కుటుంబం విడిపోయాక కూడా అన్నదమ్ములందరి దగ్గరా ఒకే ఖాతా చెక్కుబుక్కులు మిగిలిపోతే ఏమవుతుందో అదే అయింది. 1993 జూలైలో పాత నోట్లను రద్దుచేసే దాకా ఆ చిల్లు పూడలేదు. పోలండ్‌కు ఈ చిల్లు లేదు. క్రాకోవ్‌గారు చెప్పిన మూడో నెల అద్భుతానికి కారణం ఇదే.

గుంటూరు గోడౌన్

ఈ మార్పు సముద్రం ఇవతల ఎలా తగిలిందో ఒక్క మాట. మా నాన్నగారు గుంటూరులో ఒక పొగాకు ఎగుమతి సంస్థలో లెక్కలు రాసేవారు. సోవియట్ యూనియన్ మన పొగాకుకు పెద్ద కొనుగోలుదారు, చెల్లింపు రూపాయల్లో, రెండు ప్రభుత్వాల ఒప్పందం ప్రకారం. వాళ్ల తరఫున సరుకు చూసే అధికారి ఒకరు, సంతకం పెట్టే కార్యాలయం ఒకటి. 1992లో విదేశీ వ్యాపారం మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం పోయేసరికి ఎవరికి ఉత్తరం రాయాలో తెలియలేదు. కొత్త కొత్త ప్రైవేటు సంస్థల పేర్లతో బేరగాళ్లు వచ్చేవారు. వాళ్ల వెనక బ్యాంకు ఉందో లేదో కనుక్కునే మార్గం లేదు. 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు పాత బాకీలను రూపాయల్లో తీర్చే ఏర్పాటు కుదిరింది. ఆ మధ్య కాలంలో పండించిన సరుకు గోడౌన్లలో ఉండిపోయింది.

ఆడిట్ లక్ష్మి

మేనేజరుగారి వాదనలో ఒక భాగం నాకు మింగుడుపడటం లేదు. డబ్బు అదుపు తప్పడమే అసలు జబ్బయితే, డబ్బు అదుపులోకి వచ్చాక పరిస్థితి కుదుటపడాలి కదా? 1995 నుంచి రష్యా కేంద్ర బ్యాంకు గట్టిగా బిగించింది. 1997కు ద్రవ్యోల్బణం 11 శాతానికి దిగింది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే జీతాల బకాయిలు కొండలా పెరిగాయి. టీచర్లకు, గని కార్మికులకు, సైనికులకు నెలల తరబడి జీతాల్లేవు. ఫ్యాక్టరీలు డబ్బుకు బదులు సరుకు ఇచ్చిపుచ్చుకున్నాయి. 1998 నాటికి పారిశ్రామిక అమ్మకాల్లో సగానికి దగ్గరగా వస్తుమార్పిడి పద్ధతిలోనే జరిగాయి. ధరల స్వేచ్ఛ ఉంది, నోట్లు నిలకడగా ఉన్నాయి, ప్రైవేటు యజమానులున్నారు, కాని డబ్బుతో కొనే వ్యాపారం మాత్రం సగమే.

నేవా డాక్టరు

లక్ష్మిగారు చెప్పిన బకాయిలు నేను మా ఆసుపత్రి ఇంటర్న్‌షిప్‌లో చూశాను. నర్సులు జీతం రాని నెలల్లో కూడా డ్యూటీకి వచ్చేవారు, శని ఆదివారాలు ఊరి బయట తోటల్లో బంగాళాదుంపలు పండించుకునేవారు. ఒక నర్సు భర్త పనిచేసే ఫ్యాక్టరీలో జీతానికి బదులు పింగాణీ పాత్రలిచ్చారు. ఆవిడ వార్డుకు ఒక డబ్బా తెచ్చి మాకందరికీ చూపించి, ఎవరైనా కొంటారా అని అడిగారు. మేమూ తలా ఒకటి కొన్నాం.

అయితే లక్ష్మిగారూ, నాకొక సందేహం ఎప్పటి నుంచో ఉంది. మీరు చెప్పినట్టు సిబ్బందికే 51 శాతం దక్కితే, ఆ వాటాలన్నీ కార్మికుల చేతుల్లోంచి అంత త్వరగా ఎలా పోయాయి?

ఆడిట్ లక్ష్మి

డాక్టరుగారూ, జవాబు మీరు చూసిన పింగాణీ డబ్బాలోనే ఉంది. జీతం నెలల తరబడి రాకపోతే ఇంట్లో అమ్ముకోవడానికి మిగిలే విలువైన కాగితం ఆ వాటాయే. దాన్ని కొనడానికి ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఒక మనిషి కూర్చునేవాడు, చాలాచోట్ల అతను డైరెక్టరు తరఫు మనిషి. జీతం ఆపే అధికారం, వాటా కొనే అవకాశం రెండూ ఒకరి చేతిలోనే ఉన్నాయి. వాటాల రిజిస్టరు కూడా చాలా కాలం ఫ్యాక్టరీ కార్యాలయంలోనే ఉండేది; బయటివాడికి అమ్మిన కార్మికుడి పేరు మార్పును నమోదు చేయకుండా తొక్కిపట్టడం మామూలు విషయం. చట్టం ప్రకారం స్వతంత్ర రిజిస్ట్రారు ఉండాలి. ఆ నియమం వచ్చేసరికి చేతులు మారవలసినవి మారిపోయాయి.

రిటైర్డ్ మేనేజరు

ఇక్కడ నేను అడ్డుచెప్పను, కాని బకాయిలన్నిటినీ డైరెక్టర్ల దుర్బుద్ధి ఖాతాలో రాయకండి. అందరికంటే పెద్ద బాకీదారు ప్రభుత్వమే. అది రక్షణ ఫ్యాక్టరీలకు ఆర్డర్లిచ్చి డబ్బు ఇవ్వలేదు. వాళ్లు విద్యుత్తు బిల్లు కట్టలేదు. విద్యుత్తు సంస్థ గ్యాసుకు కట్టలేదు. గ్యాసు సంస్థ పన్ను కట్టలేదు. పన్ను రాలేదు కాబట్టి ప్రభుత్వం మళ్లీ ఆర్డర్లకు డబ్బు ఇవ్వలేదు. ఆ లోటును పూడ్చడానికి ప్రభుత్వం అమ్మిన స్వల్పకాలిక బాండ్లు 1996 మధ్యలో ఏడాదికి నూరు శాతం దాటిన రాబడి ఇచ్చాయి. అంత రాబడి కూర్చున్న చోటే వస్తుంటే ఏ బ్యాంకు ఫ్యాక్టరీకి అప్పిస్తుంది? 1998 ఆగస్టు 17న ఆ బాండ్ల చెల్లింపు ఆపేసి, రూబుల్‌ను వదిలేశారు. డాలరుకు ఆరు రూబుళ్ల చిల్లర ఉన్న రేటు ఏడాది చివరికి ఇరవై దాటింది. దిగుమతులు ఖరీదై, స్థానిక ఫ్యాక్టరీల సరుకుకు మళ్లీ గిరాకీ వచ్చింది. వస్తుమార్పిడి తగ్గడం మొదలైంది అప్పుడే.